రోజుకు మూడు, ఆదివారం అయిదు: కోలారు గనుల్లో మా ఇంటి బైబిల్ చదువు

మా ఇంట్లో బైబిల్ చదువుకు ఒక లెక్క ఉంది. మామూలు రోజుల్లో మూడు అధ్యాయాలు, ఆదివారం అయిదు. వారానికి 23 అవుతాయి. 52 వారాలకు 1196. ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా ఉన్నవి 1189. అంటే ఏడు మిగులు. "ఆ ఏడూ జ్వరానికీ, చుట్టాలకూ" అనేవాడు తాత. ఏడాదిలో ఏడు అధ్యాయాలు తప్పినా డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పోయేలోగా పుస్తకం ముగిసి తీరుతుందని ఆయన ధీమా.

ఈ లెక్క తాత కనిపెట్టింది కాదు. ప్రొటెస్టెంటు ఇళ్ళలో చాలా కాలంగా నడుస్తున్న పద్ధతే. స్కాట్లండులోని డండీ ఊరి పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌చేన్ 1842లో తన సంఘస్థుల కోసం ఇంకో పట్టిక వేశాడు. దాని ప్రకారం ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. 1879 నుంచి స్క్రిప్చర్ యూనియన్ వాళ్ళ దినచదువు కార్డులు లండన్‌లో మొదలై దేశదేశాలకూ పోయాయి. ఇట్లాంటి పట్టికలు పాదిరుల ఇళ్ళలో ఉండడం వింత కాదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన గని కూలీ ఇంట్లో, కిరోసిన్ బుడ్డి ముందర, తెలుగులో ఆ లెక్క ఎట్లా నిలిచిందన్నదే మేము ఇక్కడ చెప్పదలుచుకున్నది.

పుస్తకం మా దాకా వచ్చిన దారి

తెలుగులో బైబిల్ ఒక్కసారిగా రాలేదు. హాలే నుంచి వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1730ల నాటికే మద్రాసులో తెలుగు అనువాదం చేసి పెట్టాడు గానీ అది అచ్చు మొహం చూడలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. వాళ్ళకు ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. చేసినవాళ్ళిద్దరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. 1818కి కొత్త నిబంధన, 1854కి మొత్తం బైబిల్ తెలుగులో వచ్చాయి. పక్కనే బళ్ళారిలో కన్నడ బైబిల్ 1831కే పూర్తయింది.

మా ప్రాంతానికి దగ్గరి కథ మదనపల్లెది. అమెరికన్ ఆర్కాటు మిషన్ డాక్టరు జేకబ్ చాంబర్లేన్ 1863లో అక్కడ దిగాడు. అదే ఏడు సువార్త పుస్తకాలు బండ్లకెక్కించుకుని నిజాం రాజ్యం గుండా గోదావరి దాకా సుమారు 1200 మైళ్ళు తిరిగాడు. పుస్తకాలను ఊరికే పంచకుండా కొద్ది డబ్బులకు అమ్మాడు. తర్వాత తెలుగు బైబిల్‌ను సవరించే సంఘంలో చాలా ఏళ్ళు పనిచేశాడు. 1908లో మదనపల్లెలోనే చనిపోయాడు. మదనపల్లె, పలమనేరు, ముళబాగిలు ఒకదాని పక్కన ఒకటి ఉండే ఊర్లు. మధ్యలో ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు ఉంది గానీ మాటకు సరిహద్దు లేదు. కోలారు జిల్లా పల్లెల్లో ఈరోజుకీ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ.

మా ముత్తాత పలమనేరు దగ్గరి పల్లె నుంచి గనికి నడిచి వచ్చినప్పుడు ఆయన మూటలో ఉన్నది లూకా సువార్త ఒక్కటే. చదవడం ఆయనకు రాదు. ఆదివారం చర్చిలో ఎవరో ఒకరిని పట్టుకుని కాసేపు చదివించుకునేవాడు. "చదివే నోరు వాళ్ళది, పుస్తకం నాది" అనేవాడంట.

గని, లైన్ ఇల్లు, బుడ్డి దీపం

కోలారు నేలలో బంగారం ఉందని ఊరివాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. 1802లో మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ మారికుప్పం దగ్గర జనం బంగారం తీయడం చూసి రాసి పెట్టాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళు దిగిన తర్వాత గనులు పెద్దవయ్యాయి. 1894కు రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తీగలు వచ్చాయి. పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి తమిళులు, తెలుగువాళ్ళు వేలల్లో వచ్చి లైన్లలో కాపురాలు పెట్టారు. చిత్తూరు జిల్లా 1911లో విడిగా ఏర్పడేనాటికి మా వాళ్ళు ఇక్కడ పాతబడిపోయారు.

గనికి కరెంటు 1902లోనే వచ్చినా మా లైన్ ఇంట్లో చాలా ఏళ్ళు కిరోసిన్ బుడ్డే. ఒకటే గది, వెదురు తట్టి గోడ. ఇవతల మా ఇంట్లో చదివితే అవతల తమిళ అమ్మ వాళ్ళింట్లో వినిపించేది. ఆ గోడ వల్ల మాకొక లాభం జరిగింది. ఆమె దగ్గర తమిళ బైబిల్ ఉండేది. కీర్తన నంబరు గట్టిగా చెబితే చాలు, ఆమె అదే తీసుకునేది. అవ్వ తెలుగులో ఒక వచనం, ఆమె తమిళంలో అదే వచనం. గోడకు ఇటూ అటూ కూర్చుని 150 కీర్తనలు ఇట్లా ఎన్నిసార్లు ముగించారో.

అవ్వ పెళ్ళయి వచ్చేనాటికి ఆమెకు అక్షరం రాదు. మిషన్ వాళ్ళు 'బైబిల్ స్త్రీలు' అని కొందరిని ఇల్లిల్లూ పంపేవాళ్ళు. వాళ్ళు ఆడవాళ్ళకు వాక్యం చెప్పి, అడిగినవాళ్ళకు అక్షరాలూ నేర్పేవాళ్ళు. అవ్వ అడిగింది. రాగి పిండి చాటలో పరిచి వేలితో అక్షరాలు దిద్దింది. రెండేళ్ళకు తనంతట తాను చదివిన మొదటి అధ్యాయం 117వ కీర్తన. ఎందుకంటే అది బైబిల్‌లో అన్నిటికన్నా చిన్నది, రెండే వచనాలు. చదివేసి, "ఒక అధ్యాయం అయిపాయె" అని లైన్లో నలుగురికీ చెప్పి వచ్చిందంట. తర్వాత అన్నిటికన్నా పెద్దదైన 119వ కీర్తన, 176 వచనాలు, చదవడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. ఆ కీర్తన ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంటుంది. హెబ్రీ అక్షరమాలలో ఒక్కో అక్షరానికి ఒక్కో భాగం. రోజుకు రెండు అక్షరాల చొప్పున చదివాననేది అవ్వ. అక్షరాలు కొత్తగా నేర్చుకున్న మనిషికి అక్షరమాల వరసలో రాసిన కీర్తన దొరకడం బాగుంది కదా.

పక్కింటికి వినపడేలా

మా ఇంట్లో మనసులో చదువుకోవడం ఉండేది కాదు. తాత ఒప్పుకునేవాడు కాదు. "నోరు కదలకుంటే కన్ను జారిపోతాది" అనేవాడు. ఆయనకు తెలియదు గానీ పాతకాలంలో చాలామంది గట్టిగానే చదివేవాళ్ళు. మొదటి కీర్తనలో ధ్యానించడం అని మనం చదివే చోట హెబ్రీ మాటకు గొణగడం, మెల్లగా పలకడం అనే అర్థం ఉంది. అపొస్తలుల కార్యాల 8వ అధ్యాయంలో ఫిలిప్పు రథం దగ్గరికి పరిగెత్తి ఐతియొపీయుడు యెషయా గ్రంథం చదవడం విన్నాడంటే ఆయన పైకి చదువుతున్నాడనే కదా. బిషప్ అంబ్రోజు పెదవి కదలకుండా చదవడం చూసి వింతపడినట్టు అగస్టీను తన 'ఒప్పుకోలు'లో రాసుకున్నాడు.

గట్టిగా చదివితే ఇంకో చిక్కు వస్తుంది. వినేవాళ్ళకు అర్థం కావాలి. పుస్తకంలో ఉన్నది గ్రాంథికం. మేము మాట్లాడేది కోలారు తెలుగు, అందులో సగం కన్నడం, కొంచెం అరవం. 'చేయుచున్నాడు' అని చదివి, 'చేస్తా ఉండాడు' అని తాత పక్కనే చెప్పేవాడు. ఆయనకు బాగా ఇష్టమైన అధ్యాయం నెహెమ్యా 8. బబులోను నుంచి తిరిగొచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం ముందర చేరితే ఎజ్రా పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనానికి అర్థం విడమర్చి చెప్పారు. జనం ఏడ్చారు. అప్పుడు పెద్దలు, ఏడవొద్దు, పోయి బాగా తినండి, తీపి తాగండి, లేనివాళ్ళకు భాగాలు పంపండి, ఇది సంతోషించే రోజు అన్నారు. లేఖనం చదవడానికీ సంతోషానికీ ముడి అక్కడే పడింది. అందుకే డిసెంబరు 31న ఆఖరి అధ్యాయం అయ్యాక అవ్వ పాయసం కాచి నాలుగిళ్ళకు పంపేది.

అదే నెహెమ్యా 13వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. ఆ జనం పిల్లల్లో సగం మంది అష్డోదు భాష మాట్లాడుతూ యూదుల భాష రాకుండా పోయారని నెహెమ్యా కోప్పడతాడు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా తాత చదవడం ఆపి మమ్మల్ని చూసేవాడు. మేమంతా కన్నడ మీడియం, ఇంగ్లీషు మీడియం. మా బడిలో తెలుగు లేదు. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే, తలకట్టు దగ్గరే తేడా. మిగతా సగం మాకు ఆ పుస్తకంలోనే వచ్చింది. మా ఇంట్లో తెలుగు రాయడం, చదవడం మూడు తరాలు నిలిచిందంటే రాత్రిపూట ఆ మూడు అధ్యాయాల వల్లే. అందుకే మా తెలుగు కొంచెం పాతగా ఉంటుందని హైదరాబాదు చుట్టాలు నవ్వుతారు. పెళ్ళి పత్రికలో కూడా 'గాక' అని రాస్తామంట!

యోబు 28

ఇదంతా చదివి మా ఇంట్లో రోజూ ఆనందమే అనుకోకండి. లేవీయకాండం వచ్చిందంటే నాయన, చిన్నాయన కునుకు తీసేవాళ్ళు. దినవృత్తాంతాల్లో పేర్ల జాబితాలు వస్తే ఎవరు చదవాలని తగువు. తాతకు కోపం వస్తే చెవి మెలేసేవాడు. భయంతో చదివిన రోజులే ఎక్కువ. ఆ చదువులోకి సంతోషం ఎప్పుడు వచ్చిందంటే, ఇంటి మీద దుఃఖం పడిన తర్వాత.

లోతైన గనుల్లో రాయి మీద పైనున్న కొండంత బరువు ఉంటుంది. తవ్వుతూ పోతే ఆ ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలుతుంది. దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. పైన ఇళ్ళల్లో గిన్నెలు దొర్లేవి. ఆ శబ్దం వినగానే ఆడవాళ్ళు షాఫ్టు వైపు పరిగెత్తేవాళ్ళు. అట్లాంటి ఒక రోజున తాత వాళ్ళన్న, మా పెద్దతాత, కింద నుంచి ప్రాణంతో రాలేదు.

తాత పుస్తకం మూసేశాడు. ప్రార్థనకు కూర్చోడు, చర్చికి పోడు. ఎవరూ ఆయనను అడగలేదు. అవ్వ మాత్రం లెక్క ఆపలేదు. రాత్రి సంగటి తిన్నాక బుడ్డి దగ్గర కూర్చుని, కూడబలుక్కుంటూ, మూడు అధ్యాయాలు గట్టిగా చదివేది. తాత గోడకు ఆనుకుని పడుకుని ఉండేవాడు. వింటున్నాడో లేదో తెలియదు. నెలలు గడిచాయి. వరసలో యోబు వచ్చింది. యోబు అడిగే ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు, స్నేహితులు చెప్పే జవాబులు చెబుతూనే ఉన్నారు. ఒక రాత్రి 28వ అధ్యాయం వచ్చింది.

చదివినవాళ్ళకు తెలుసు, ఆ అధ్యాయం మొదటి సగమంతా గని పనే. వెండికి గని ఉంది, బంగారానికి పుటం వేసే చోటు ఉంది అని మొదలవుతుంది. మనిషి చీకటిని తొలగించుకుంటూ లోపలికి పోతాడు, జనం తిరిగే చోటికి దూరంగా సొరంగం తవ్వుతాడు, కాళ్ళకు నేల ఆనని చోట వేలాడుతూ ఊగుతాడు. పైన నేల తిండి ఇస్తుంటే కింద నిప్పు పెట్టినట్టు తలకిందులవుతుంది. డేగ కన్ను చూడని, సింహం నడవని దారి అది. కొండలను వేళ్ళతో సహా తిరగేస్తారు, ఊటనీళ్ళు కారకుండా కడతారు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు వేల మీటర్లు దాటింది. అంత లోతున రాయి వేడి 60 డిగ్రీల సెల్సియస్ పైమాటే. నిప్పు పెట్టినట్టు అన్న మాట మా వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

తాత లేచి కూర్చున్నాడంట. "మళ్ళీ చదువు" అన్నాడు. అవ్వ మళ్ళీ చదివింది. "ఇది రాసినాయప్ప ఎప్పుడో గనిలోకి దిగిండాడు. లేకుంటే ఇట్లా రాసేదానికి కాదు" అన్నాడు. మిగతా సగం తానే తీసుకుని చదివాడు. ఇంత లోతుకు పోయి ఇన్ని బయటికి తెచ్చే మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుంది అని యోబు అడుగుతాడు. అగాధం నాలో లేదంటుంది, సముద్రం నా దగ్గర లేదంటుంది. ఓఫీరు బంగారం పోసినా అది దొరకదు. దాని చోటు దేవుడికే తెలుసు. 28 వచనాలు చదివేసరికి తాత ఏడుస్తున్నాడని అవ్వ చెప్పేది.

అన్న ఎందుకు పోయాడో ఆ అధ్యాయం తాతకు చెప్పలేదు. యోబు గ్రంథం 42 అధ్యాయాల్లోనూ ఆ ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. గని చీకటి పుస్తకంలో ముందే ఉందని మాత్రం ఆయనకు తెలిసింది. అంతవరకు పుస్తకం పాదిరిగారిది, తెల్లదొరలది, పండితులది. ఆ రాత్రి నుంచి అది మారికుప్పం కూలీది కూడా. ఇక ఏ పేజీలో తనకోసం ఏముందో అని వెతుక్కుంటూ చదివేవాడు. దొరికిన రోజున భోజనం దగ్గర దాని మాటే. దొరకని రోజున "రేపు ఉంటాదిలే" అనేవాడు. లేవీయకాండంలో కూడా, పరిగె ఏరుకునేవాళ్ళ కోసం పొలం అంచులు కోయకుండా వదలమన్న మాట దగ్గర ఆగి, మా అవ్వ పుట్టింటివాళ్ళ వేరుశనగ చేను కథ చెప్పేవాడు. మా చెవులు మెలేయడం కూడా ఆ తర్వాత తగ్గిందని నాయన అంటాడు.

దేవుని మాట మేలిమి బంగారం కన్నా కోరదగినదని 19వ కీర్తనలో ఉంది. బంగారం తవ్వే ఊర్లో ఆ మాటకు బరువు వేరే. సుమారు 120 ఏళ్ళలో ఈ నేల నుంచి 800 టన్నుల దాకా బంగారం పోయింది. తీసినవాళ్ళను గేటు దగ్గర ఒళ్ళంతా తడిమి చూసి పంపేవాళ్ళు. అవ్వ మెడలో ఉన్నది పసుపుతాడే. బంగారం కన్నా మేలైనది అని ఆ ఇంట్లో చదివినప్పుడు బంగారాన్ని చేత్తో తాకి, దాన్ని ఇంటికి తీసుకురాలేని మనిషి చదివాడు. ఆయన ఇంటికి తెచ్చుకోగలిగింది, ఎవరూ తడిమి లాక్కోలేనిది, నోటికి వచ్చిన వచనాలే.

గని మూసిన తర్వాత

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి తాత లేడు. నాయనకు బెంగళూరులో పని దొరికింది. మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం, బెమెల్ నగర్, కోరమాండల్, బంగారుపేట, అక్కడి నుంచి బెంగళూరు. పోయేదానికి రెండు గంటలకు పైన, వచ్చేదానికి అంతే. వేలమంది ఈరోజుకీ అట్లాగే పోయి వస్తున్నారు. రాత్రి ఇల్లు చేరేసరికి ఎవరికీ ఓపిక లేదు. ఇంట్లో లెక్క తప్పింది. ఏడు మిగులు ఎప్పుడో అయిపోయాయి.

నాయన దాన్ని రైల్లోకి మార్చాడు. పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు ఒకటి. జనం మధ్య గట్టిగా చదవలేడు గనుక పెదవులు మాత్రం కదిపేవాడు. కొన్నాళ్ళకు పక్క సీటాయన, "ఏమి చదువుతా ఉండారన్నా, మాకూ వినిపించండి" అన్నాడంట. అట్లా ఒక మూలన నలుగురు చేరారు, ఒకరిది తెలుగు, ఇద్దరిది తమిళం, ఒకరిది కన్నడం. గోడకు ఇటూ అటూ అవ్వ, తమిళ అమ్మ చదివినట్టే మళ్ళీ ఒకే కీర్తన.

ఇప్పుడు మేము నాలుగు ఊర్లలో ఉన్నాం. పిల్లలు ఫోన్‌లో చదువుతారు, కొందరు నడుస్తూ వింటారు. తప్పు లేదు, మా ముత్తాత కూడా విన్నవాడే, చదివినవాడు కాదు. ఆదివారం రాత్రి మాత్రం అందరం ఫోన్‌లో కలిసి ఆ అయిదు అధ్యాయాలు తెలుగులో గట్టిగా చదువుతాం. పిల్లలు తడబడితే ఎవరూ కోప్పడరు. మొదటిసారి మొదలుపెట్టేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. సామెతలకు 31 అధ్యాయాలు, నెలకు సరిపోతాయి, తేదీ చూసి తెరిస్తే చాలు. కీర్తనలు రోజుకు అయిదైతే 30 రోజులు. తప్పిన రోజును వదిలేసి ఈరోజుది చదవండి. బాకీ తీర్చాలని కూర్చుంటే చదువు అప్పులా తయారవుతుంది.

అవ్వ బైబిల్ నాయన దగ్గర ఉంది. అట్ట మారింది, ఆదికాండం మొదటి ఆకులు పోయాయి. మలాకీకీ మత్తయికీ మధ్య ఖాళీ పేజీల్లో మా ఇంటి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసి ఉన్నాయి. పెద్దతాత పేరు పక్కన తాత తన చేత్తో 'యోబు 28' అని రాశాడు. చుట్టాల్లో ఎవరి దగ్గరైనా ఇట్లాంటి పాత బైబిల్ ఉంటే, ఆ మధ్య పేజీలు ఫోటో తీసి పంపండి. అక్షరం గజిబిజిగా ఉన్నా పరవాలేదు, మేము కూడబలుక్కుని చదువుకుంటాం.